బేస్‌మెంట్‌లో ఆకుకూరల అరలు

మా డెట్రాయిట్ వైపు డిసెంబరు మూడో వారంలో పగలు 9 గంటలే. అందులోనూ సగం రోజులు మబ్బు. కిటికీ దగ్గర పెట్టిన మెంతి సన్నగా సాగి వాలిపోయేది చలి వల్ల కాదు, వెలుతురు చాలక. నీళ్ళు పోసినా, ఎరువు వేసినా ఆ లోటు తీరదు. అందుకే నేను శీతాకాలమంతా ఆకుకూరలు బేస్‌మెంట్‌లో, అరల మీద, లైట్ల కింద పెంచుతున్నాను. మిత్రులు తరచూ అడుగుతుంటారు కనుక ఆ వివరాలు ఇక్కడ రాస్తున్నాను.

గరాజుల్లో వాడే ఇనుప తీగల షెల్ఫ్ ఒకటి కొనండి. 4 అడుగుల పొడవు, అడుగున్నర లోతు, 6 అడుగుల ఎత్తు ఉంటే 4 అడుగుల ఎల్ఈడీ షాప్ లైట్లు సరిగ్గా అమరుతాయి. ఊదారంగు గ్రో లైట్లకు ఎక్కువ డబ్బు పోయనక్కరలేదని నా అభిప్రాయం. ఆకుకూరలకు 4000 నుంచి 5000 కెల్విన్ తెల్ల లైట్లు చాలు. పైగా ఊదా వెలుతురులో ఆకు పసుపు పడుతున్నా మనకు కనబడదు. అరకు రెండు లైట్లు గొలుసులతో వేలాడదీయండి. మొక్క పెరిగే కొద్దీ పైకి జరుపుతూ ఆకులకు 6 నుంచి 8 అంగుళాల ఎత్తులో ఉంచాలి. టైమరు పెట్టి రోజుకు 15 గంటలు వెలిగించండి.

ఇక కరెంటు లెక్క. 40 వాట్ల లైట్లు అరకు రెండు, మూడు అరలకు 240 వాట్లు. రోజుకు 15 గంటలైతే 3.6 యూనిట్లు, నెలకు 108. యూనిట్ 20 సెంట్లు అనుకుంటే దాదాపు 22 డాలర్లు. డబ్బు ఆదా కోసమైతే ఈ పని మొదలుపెట్టకండి!

నీళ్ళూ కరెంటూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి జీఎఫ్‌సీఐ ప్లగ్ పాయింటు తప్పనిసరి. తీగ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకి ఎక్కేలా ఉంచితే జారిన నీటిబొట్టు ప్లగ్గులోకి పోదు. తడి మట్టి చాలా బరువు, పెద్ద కుండీలు కింది అరలోనే పెట్టండి. చిన్న ఫ్యాను తిరుగుతూ ఉంటే బూజు పట్టదు.

మెంతి మూడు నాలుగు వారాల్లో కోతకు వస్తుంది. మొదటిసారి చేసేవారు దానితోనే మొదలుపెట్టండి. కొత్తిమీరకు బేస్‌మెంట్ చల్లదనం బాగా నచ్చుతుంది, వేడెక్కితే పూతకు వస్తుంది. తోటకూరకు వేడి కావాలి, పై అరలో పెట్టండి.

గోంగూర సంగతి వేరు. పగలు 12, 13 గంటల కంటే తగ్గితే అది ఆకు మానేసి పూతకు దిగుతుంది. అక్టోబరులో కిటికీ దగ్గర జానెడు మొక్క మొగ్గ తొడిగేది అందుకే. 15 గంటల వెలుతురులో మాత్రం ఆకు వేస్తూనే ఉంటుంది. ఆ టైమరు వెల గోంగూర ఒక్కటే తీర్చేస్తుంది.

కరివేపాకు దగ్గర మాత్రం జాగ్రత్త. అది నిమ్మ, నారింజల కుటుంబానికి చెందినది. నారింజ తోటలను చంపే సిట్రస్ గ్రీనింగ్ తెగులును మోసే సిల్లిడ్ అనే చిన్న పురుగు కరివేపాకు మీద హాయిగా బతుకుతుంది. ఆ పురుగు 1998లో ఫ్లోరిడాలో కనబడింది, తెగులు 2005లో బయటపడింది. దానికి ఇప్పటికీ మందు లేదు. అందుకే ఇండియా నుంచి మొక్క గానీ పచ్చి ఆకు గానీ సూట్‌కేసులో తేకూడదు. ఫ్లోరిడా, టెక్సస్, కాలిఫోర్నియాల్లో పురుగు ఉన్న ప్రాంతాల నుంచి చుట్టాలు ప్రేమగా ఇచ్చే పిలకలకూ ఇదే వర్తిస్తుంది. మీ రాష్ట్రానికి పంపే అనుమతి ఉన్న నర్సరీ నుంచే కొనండి. చలికాలంలో ఆకు రాలిస్తే చచ్చిపోయిందని పారేయకండి, నీళ్ళు తగ్గించి కింది అరలో వదిలేస్తే వసంతంలో చిగురిస్తుంది.