ఒరుగల్లు గన్నయ, ఢిల్లీ మక్బూల్, మా తాత

మొన్న డిగ్రీ రెండో సంవత్సరం క్లాసులో కాకతీయుల కాలపు సాహిత్యం చెబుతున్నాను. వెనక బెంచీలోంచి ఒక పిల్లాడు లేచి అడిగాడు: "సార్, ఫోన్లో తుర్కీ సీరియల్ చూస్తున్నా. అందులో ఇబ్రహీం పాషా అని ఒకడుంటాడు. బానిసగా వచ్చి మంత్రి అయ్యాడు. మన తెలుగోళ్ళలో అట్లాంటోడు ఎవరన్నా ఉన్నాడా?"

క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఎందుకంటే ఆ రోజు నేను చెబుతున్న పాఠంలోనే అట్లాంటోడు ఉన్నాడు. సిలబస్‌లో ఆయన పేరు ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. గంట కొట్టేశారు కాబట్టి క్లాసులో చెప్పలేకపోయింది ఈ వారం ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ పిల్లాడు అడిగిన ఇబ్రహీం సంగతి. గ్రీసు పడమటి తీరంలో పర్గా అని చిన్న ఊరు. అక్కడి క్రైస్తవ కుటుంబంలో పుట్టిన పిల్లవాణ్ణి చిన్నతనంలోనే పట్టుకుపోయి బానిసను చేశారు. రాజకుమారుడు సులేమాన్ కొలువులో పెరిగాడు. సులేమాన్ సుల్తాన్ అయ్యాక 1523లో అతన్ని ప్రధానమంత్రిని చేశాడు. పదమూడేళ్ళు ఒట్టోమన్ సామ్రాజ్యం అతని చేతి మీద నడిచింది. సైన్యాలు నడిపాడు, రాయబారులతో మాట్లాడాడు. 1536 మార్చిలో ఒక రాత్రి అదే సుల్తాన్ ఆజ్ఞతో రాజభవనంలోనే చంపేశారు. బానిస ఎంత ఎత్తు ఎక్కినా ఆ నిచ్చెన ఇంకొకరి చేతిలోనే ఉంటుంది.

ఇక మనవాడు.

ఒరుగల్లు కోటలో ప్రతాపరుద్రుడి దగ్గర గన్నయ అని ఒక సేనాపతి ఉండేవాడు. నాగయ గన్నయ అంటారు. తిక్కన శిష్యుడు మారన తన మార్కండేయ పురాణాన్ని ఈయనకే అంకితం ఇచ్చాడు. తర్వాత రెండు వందల ఏళ్ళకు పెద్దన మనుచరిత్రకు కథ దొరికింది ఈ పుస్తకంలోనే. అంటే తెలుగు సాహిత్యం చదివిన ప్రతివాడూ తెలిసో తెలియకో గన్నయ గుమ్మం ముందు నుంచి నడిచినవాడే.

1323లో ఢిల్లీ సైన్యం ఒరుగల్లును పట్టుకుంది. నడిపినవాడు ఉలుగ్ ఖాన్. రెండేళ్ళ తర్వాత ఢిల్లీ గద్దె ఎక్కి ముహమ్మద్ బిన్ తుగ్లక్ అయింది ఆయనే. ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి నడిపించారు. రాజు దారిలోనే చనిపోయాడు. ముసునూరి ప్రోలయ నాయకుడి విలస శాసనం అది నర్మదా తీరంలో జరిగిందంటుంది.

రాజుతోపాటు పట్టుబడ్డవాళ్ళలో ఒకడి గురించి షమ్స్ సిరాజ్ అఫీఫ్ అనే చరిత్రకారుడు ఫార్సీలో రాశాడు. తెలంగాణ రాజు దగ్గర పెద్ద హోదాలో ఉన్నవాడు, పేరు కన్నూ. రాజు పోయాక సుల్తాన్ ముందు నిలబడి కలిమా చదివాడు. సుల్తాన్ అతనికి మక్బూల్ అని పేరు పెట్టాడు. ఈ కన్నూ, మారన గన్నయ ఒక్కరేనని చరిత్రకారులు పోల్చారు.

మక్బూల్ అంటే అరబ్బీలో "అంగీకరించబడినవాడు" అని అర్థం. ఈ మాట దగ్గర కాసేపు ఆగండి. మళ్ళీ ఇక్కడికే వస్తాం.

ఢిల్లీలో ఆయన నడక చూడండి. ముల్తాన్ సీమ ఆయన చేతికొచ్చింది. ఉపమంత్రి అయ్యాడు. అఫీఫ్ ఇంకో మాట రాశాడు: ఆయనకు చదవడం, రాయడం రాదు. కానీ బుద్ధి మహా చురుకు. సర్కారు ఫర్మానాల మీద ఆయన పేరు "మక్బూల్, ముహమ్మద్ తుగ్లక్ బానిస" అని ఉండేది. ఫార్సీ కాగితాల మీద నడిచే ఒక మహా ప్రభుత్వంలో, అక్షరం రాని తెలుగువాడి సంతకం చెల్లింది. ఆ సంతకంలోనే బానిస అనే మాట ఉంది.

సుల్తాన్ ఆయన్ను మళ్ళీ ఒరుగల్లుకు పంపాడు, ఈసారి ఏలికగా. అప్పటికి ఆ ఊరి పేరు కూడా సుల్తాన్‌పూర్ అని మారింది. ఊరికీ మనిషికీ ఇద్దరికీ కొత్త పేర్లే. 1336 ప్రాంతంలో ముసునూరి కాపయ నాయకుడు తిరగబడి కోటను పట్టుకున్నప్పుడు, అక్కణ్ణుంచి ఢిల్లీకి పారిపోయిన తుగ్లక్ అధికారి మక్బూలే. మన పుస్తకాల్లో దీన్ని "తురుష్కులను తరిమికొట్టడం" అని రాస్తారు. తరిమినవాడూ తెలుగువాడే, తరిమించుకున్నవాడూ తెలుగువాడే.

1351లో సింధులోని తట్టా దగ్గర ముహమ్మద్ బిన్ తుగ్లక్ చనిపోయాడు. ఢిల్లీలో ఉన్న ప్రధానమంత్రి ఒక పసివాణ్ణి గద్దెనెక్కించాడు. మక్బూల్ ఢిల్లీ విడిచి ఫిరోజ్ షా పక్షానికి వెళ్ళాడు. ఫిరోజ్ గెలిచాడు. మక్బూల్ వజీరు అయ్యాడు, ఖాన్-ఇ-జహాన్ అని బిరుదు. ఫిరోజ్ షా ఏళ్ళ తరబడి దండయాత్రల మీద పోతే ఢిల్లీని ఏలింది ఈయనే. ఒకసారి సింధు వైపు వెళ్ళిన సైన్యం దారి తప్పింది, ఆరు నెలల పాటు సుల్తాన్ బతికున్నాడో లేదో తెలియలేదు. ఊళ్ళో అలజడి మొదలైంది. అప్పుడు ఖాన్-ఇ-జహాన్ "సుల్తాన్ క్షేమం, ఉత్తరం వచ్చింది" అని చాటించాడట. రాని ఉత్తరాన్ని వచ్చిందని చెప్పి ఒక రాజ్యాన్ని నిలబెట్టాడు, అక్షరం రాని మనిషి.

1368–69 ప్రాంతంలో చనిపోయాడు. ఢిల్లీ నిజాముద్దీన్ బస్తీలో ఆయన గోరీ ఉంది. ఎనిమిది పలకలుగా కట్టిన మొదటి గోరీ ఢిల్లీలో అదేనంటారు. తర్వాత సయ్యిద్, లోదీ సుల్తానులు ఆ పద్ధతిలోనే కట్టుకున్నారు. కొడుకు జూనాన్ షా కూడా వజీరు అయ్యాడు. 1379లో ముల్లా దావూద్ అవధీ భాషలో చందాయన్ అనే ప్రేమకావ్యం రాసింది ఈ జూనాన్ షా ప్రాపకంలోనే. ఆ భాషలో సూఫీ ప్రేమకావ్యాలకు అదే మొదలు. తండ్రికి తెలుగు పురాణం అంకితం, కొడుకు నీడన అవధీ కావ్యం. తెలుగులో డాక్టరేట్ చేసిన నాకు ఈ సంగతి పుస్తకాల్లో ఎక్కడో అడుగున దొరికిన రోజు నిద్ర పట్టలేదు.

ఇంతవరకూ కథ బాగుంది. ఇక్కడితో ఆపితే ఇది "కష్టపడితే ఎవరైనా పైకొస్తారు" అనే ఫార్వర్డ్ మెసేజ్ అవుతుంది. మనం ఆపకూడదు.

మొదటి సంగతి. మక్బూల్‌ను ఢిల్లీ అంగీకరించింది కదా, మరి ఎవరినైనా అంగీకరించేదా? అదే కాలంలో జియాఉద్దీన్ బరనీ అని ఇంకో చరిత్రకారుడు ఉన్నాడు. ముహమ్మద్ బిన్ తుగ్లక్ మంగలికి, వంటవాడికి, తోటమాలికి పదవులు ఇచ్చాడని బరనీ కడుపు మండిపోయింది. తక్కువ పుట్టుక వాళ్ళకు నమాజు, ఉపవాసం లాంటివి తప్ప చదువు చెప్పకూడదని, చెప్పిన పంతుళ్ళను శిక్షించాలని రాశాడు. మనువు గుర్తొచ్చాడా? నాక్కూడా. గన్నయకు అక్షరం రాకపోయినా దర్బారులో చోటు దొరకడానికి కారణం, ఆయన బందీ కాకముందే సేనాపతి కావడం. ఆయన పడింది ఎత్తు నుంచి, మళ్ళీ చేరిందీ ఎత్తుకే. ఒరుగల్లు కోట బయట చెప్పులు కుట్టిన మనిషి, చచ్చిన గొడ్డును లాగిన మనిషి కూడా ఆ యుద్ధంలో చిక్కి ఉంటారు. వాళ్ళ పేరు మార్చాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. అసలు పేరు అడిగితే కదా.

రెండో సంగతి. ఫిరోజ్ షా దగ్గర 1,80,000 మంది బానిసలు ఉండేవారని అఫీఫే రాశాడు. అందులో 12,000 మంది చేతిపనివాళ్ళు. ఇంతమందిలో చరిత్ర పుస్తకాల దాకా వచ్చిన పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మక్బూల్ అంతఃపురంలో రెండు వేల మంది స్త్రీలు ఉండేవారట, రూమ్ నుంచి చీనా దాకా తెచ్చినవాళ్ళు. రూమ్ అంటే ఆనాటి గ్రీకు, తుర్కీ సీమలు. అంటే ఇబ్రహీం పాషాకు నూట యాభై ఏళ్ళకు పైగా ముందే, గ్రీకు సీమల నుంచి తెచ్చిన ఆడపిల్లలు ఒక తెలుగువాడి ఇంట్లో ఉండి ఉంటారు. ఆయనకు పుట్టిన ప్రతి కొడుక్కీ సుల్తాన్ 11,000 టంకాలు ఇచ్చాడని లెక్క రాశారు. కన్న తల్లుల్లో ఒక్కరి పేరూ రాయలేదు. బానిసగా పట్టుబడ్డవాడే బానిసల యజమాని అయ్యాడు. పైకెక్కినవాడు మనవాడే కదా అని చప్పట్లు కొట్టే ముందు, నిచ్చెన కింద ఎవరున్నారో చూడమని నా విద్యార్థులకు చెబుతుంటాను.

మూడో సంగతి మా ఊరికి దగ్గరది. మాది ముండ్లమూరు. అక్కణ్ణుంచి అద్దంకి ఎంతో దూరం లేదు. కాకతీయ రాజ్యం కూలాక ప్రోలయ వేమారెడ్డి రాజధాని పెట్టింది అక్కడే, ఎర్రాప్రగడ ఉన్నదీ ఆ కొలువులోనే. చిన్నప్పుడు మా బళ్ళో ఈ కాలాన్ని ధర్మం తిరిగి నిలబడ్డ కాలం అని చెప్పారు. పెద్దయ్యాక శాసనాలు చదివాను. తురకలు లాక్కున్న అగ్రహారాలను మళ్ళీ బ్రాహ్మణులకు ఇచ్చామని విలస శాసనం చెబుతుంది, వేమారెడ్డి గురించీ అదే చెబుతారు. పోయిన భూమి లెక్క ఉంది, తిరిగొచ్చిన భూమి లెక్క ఉంది. ఆ భూమిని దున్నినవాడి లెక్క లేదు. అగ్రహారం చేతులు మారిన రోజు మాలపల్లెలో, మాదిగపల్లెలో పొద్దు మామూలుగానే పొడిచి ఉంటుంది. ఇవాళ ఒకరు గన్నయను ద్రోహి అంటారు. ఇంకొకరు మా కులం వాడే అని బ్యానర్ కట్టుకుంటారు. ఇద్దరి పోట్లాటలోనూ మనకు చోటు లేదు. ఆ చోటు అడుక్కోవాల్సిన పని కూడా లేదు.

ఇంకో వింత చెప్పి తీరాలి. గన్నయకు అంకితమైన మార్కండేయ పురాణంలోనే హరిశ్చంద్రుడి కథ ఉంది. రాజు పెళ్ళాం బిడ్డలను అమ్ముతాడు, చివరికి తనను తాను చండాలుడికి అమ్ముకుంటాడు. ఆ కథలో అన్నిటికన్నా ఘోరమైన పరీక్ష అదే, మావాడి దగ్గర పని చేయడం. ఆఖరికి ఆ చండాలుడు కూడా చండాలుడు కాదు, వేషం వేసుకున్న ధర్మదేవత అని తేలుతుంది. నిజమైన చండాలుడికి కథ చివర నిలబడే చోటు కూడా మిగల్లేదు. రాజు బానిస కావడం ఎంత దుఃఖమో మన సాహిత్యం వెయ్యి పద్యాల్లో చెప్పగలదు. పుట్టుకతో బానిస అయినవాడి దుఃఖం దానికి కనపడటానికి జాషువా దాకా ఆగాల్సి వచ్చింది.

బానిసత్వం ఘోరమా, అంటరానితనం ఘోరమా అని అంబేద్కర్ ఒక వ్యాసంలో పోల్చి చూశారు. రోమన్ బానిసల్లో పంతుళ్ళు, వైద్యులు, గుమాస్తాలు ఉండేవారని, యజమాని తన ఆస్తి కాబట్టి బానిసకు తిండి పెట్టేవాడని, బానిస విడుదల కాగలడని వివరించారు. అంటరానివాడికి ఆ తలుపు లేదన్నారు. బానిసత్వాన్ని మంచిదనడానికి ఆయన అలా రాయలేదు. ఇక్కడి గోడ ఎంత మందమో కొలిచి చూపించడానికి రాశారు. గన్నయ జీవితం చదివినప్పుడల్లా నాకు ఆ కొలత గుర్తొస్తుంది.

ఇక మక్బూల్ అనే మాట దగ్గరికి వద్దాం. అంగీకరించబడినవాడు.

మా తాత ఒక పెద్ద రైతు ఇంట్లో జీతగాడు. ఏడాదికి ఇన్ని బస్తాల జొన్నలని మాట. పొగాకు సీజన్లో రాత్రంతా బ్యారన్ దగ్గర పుల్లలు ఎగదోసేవాడు. మా నాయన పెళ్ళికి తీసుకున్న అప్పు కింద ఆయన మరో ఏడేళ్ళు అక్కడే ఉన్నాడు. వెట్టిని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ ఇంట్లో ఆయన పేరు "ఒరే". చర్చిలో పెట్టిన పేరు ఒకటి, రేషన్ కార్డులో ఉన్న పేరు ఇంకొకటి. మూడు పేర్లున్న మనిషి, ఎక్కడా మక్బూల్ కాలేదు.

ఆయనకూ అక్షరం రాదు. బుద్ధి మాత్రం చురుకే. మబ్బు చూసి వాన ఎన్ని గంటలకు పడుతుందో చెప్పేవాడు. ఆకు రంగు చూసి బ్యారన్లో వేడి ఎంత ఉందో చెప్పేవాడు. ఎవరి పొలం గట్టు ఏ ఏడాది ఎంత జరిగిందో ఊరంతటికీ ఆయనే రికార్డు. అక్షరం రాని ఒక మనిషి సంతకంతో ఢిల్లీ నడిచింది. అక్షరం రాని ఇంకో మనిషి వేలిముద్ర ఒక ప్రోనోటు మీద పడి, ఏడేళ్ళ జీవితాన్ని మింగేసింది. ఇద్దరి మధ్యా తేడా తెలివిలో లేదు.

ఆ పిల్లాడికి నేను ఇచ్చే సమాధానం ఇది. ఉన్నాడు నాయనా, మనకూ ఒక ఇబ్రహీం ఉన్నాడు. ఆయన గురించి చదువు, ఢిల్లీ వెళితే ఆ గోరీ చూసి రా. వచ్చాక మీ ఇంట్లో తాతో అమ్మమ్మో ఉంటే వాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళను ఎవరెవరు ఏ పేరుతో పిలిచారో అడిగి రాసిపెట్టుకో. మనల్ని ఒకరు అంగీకరించేదాకా ఆగే చరిత్ర వద్దు మనకు. మన అఫీఫ్‌లం మనమే కావాలి.

వచ్చే వారం మాలిక్ అంబర్ గురించి మాట్లాడుకుందాం. మీ తాతల పేర్లు కింద రాయండి, చదువుతాను.

జై భీమ్.