సీగల్ పక్షుల బాల్యరూపములు

సీగల్ లారిడే కుటుంబమునకు చెందిన నీటిపక్షి. లద్దాఖు, టిబెట్టు ప్రాంతములలోని ఎత్తయిన సరస్సులయొద్ద గూళ్ళు కట్టు గోధుమతల సీగల్, మధ్య ఆసియా సరస్సులలో పుట్టిపెరుగు పల్లాస్ సీగల్ మొదలగునవి శీతకాలమున పులికాటు సరస్సునకును, కాకినాడ తీరమునకును వలసవచ్చును. ఆ యేట పుట్టిన పిల్లలును వచ్చుటచేత, తల్లిదండ్రులను పోలని ఆ పిల్లలను చూచినవారు వేఱొక జాతిగా భ్రమించుట తఱచుగా జరుగును.

చిన్నజాతులు రెండవ శీతకాలమునకును, పెద్దజాతులు సుమారు నాలుగేండ్లకును పూర్ణవయస్సు ఈకలు ధరించును. గూటిలో మొలచిన ఈకలు తలమీదను వీపుమీదను తొలి శరత్తునాటికే రాలి క్రొత్తవి వచ్చును గాని, రెక్కలలోని పెద్ద ఈకలును తోక ఈకలును మఱుసటి వేసవివఱకు నిలిచియుండును. కావున చిన్నజాతులయందు బూడిదవన్నె వీపు, రెక్కమీద గోధుమవన్నె చార, తెల్లని తోక చివర నల్లని పట్టె కలిసి కనబడినచో, అది మొదటి శీతకాలపు పక్షియని నిశ్చయింపవచ్చును. నల్లని వర్ణద్రవ్యము ఈకకు దార్ఢ్యము నొసగును; అది లేని తెల్లని అంచులు ఎండకును రాపిడికిని త్వరగా అరగును. కార్తికమున అంచులు దీర్చినట్లున్న పిల్ల, ఫాల్గుణమునాటికి వెలవెలబోయి కనబడుటకు కారణ మిదియే. అమెరికా పక్షిశాస్త్రజ్ఞుడు జొనథన్ డ్వైట్ 1925లో ప్రకటించిన బృహద్గ్రంథము ప్రపంచ సీగల్ జాతుల ఈకలమార్పులను విస్తరముగా వివరించినది.

కాలివన్నె పెద్దపక్షులయందు కొంతవఱకు ఉపకరించు గుర్తు. పిల్లలయందు అది చాలదు. గోధుమతల, నల్లతల సీగల్‌లకు పెరిగినపిమ్మట కాళ్ళు ఎఱ్ఱనివే, పిల్లతనమున రెంటికిని మాసిన నారింజవన్నెవే. అందుచేత రెక్కను చూడవలెను: నల్లతల సీగల్ రెక్క ముందంచున తెల్లని చీలిక ఏ వయస్సుననైనను మెఱయును, గోధుమతల పిల్లకు రెక్కకొస నిండుగా నల్లనిది, పెద్దపక్షికుండు తెల్లని బిళ్ళలు అందు కానరావు. ఆ పిల్ల కనుపాప చుట్టునుండు వలయమును నల్లనిదే, వయస్సుతో తెల్లబడును.

పెద్దజాతులలో చిక్కు మఱింత హెచ్చు. పల్లాస్, హ్యూగ్లిన్ సీగల్‌లు రెండును పెద్దవై పసుపుకాళ్ళవి యగును. పిల్లలయందు ఆ పసుపు లేశమైనను ఉండదు, హ్యూగ్లిన్ పిల్ల కాళ్ళు లేతగులాబి, పల్లాస్ పిల్లవి మాసిన బూడిదవన్నె. ఉప్పుకయ్యల బురదలో దిగిన కాలికి ఈ స్వల్పభేదము నిలువదు. అప్పుడు కంటికి పైనను క్రిందను తెల్లని అర్ధచంద్రరేఖలు, తెల్లని తోకపై గీత గీచినట్లు తెగిన నల్లపట్టె, నల్లకొనగల పొడవైన ముక్కు ఉన్నవా యని పరీక్షించిన పల్లాస్ పిల్ల తేలిపోవును.

ఇన్ని గుర్తులు చూచినను జాతి తేలనప్పుడు, వయస్సును మాత్రము వ్రాసి జాతిపేరు విడిచిపెట్టుటయే సరియైన పద్ధతి.