పట్టు పేరు, నూలు పేరు

వంటింటి చరిత్ర అనగానే మనం రోలు దగ్గరా, తిరగలి దగ్గరా, కట్టెల పొయ్యి దగ్గరా మొదలుపెడతాం. మన అమ్మల, అమ్మమ్మల చాకిరీకి అవే సాక్ష్యాలు కాబట్టి అలా మొదలుపెట్టడం సబబే. అయితే ఫ్రిజ్ అవసరం లేకుండా నెలల తరబడి అలమరలో కూర్చునే చిన్న అట్టడబ్బాకు కూడా ఒక చరిత్ర ఉంది. అందులోనూ ఆడవాళ్ళున్నారు. కాకపోతే వాళ్ళు డబ్బా మీద కనిపించరు. నేను మాట్లాడబోతున్నది జపాన్ వాళ్ళ సిల్కెన్ టోఫు గురించి. ధర్మవరంలో పుట్టి, మగ్గం చప్పుడు మధ్య పెరిగిన నన్ను ఈ వస్తువు మొదట ఆకర్షించింది దాని పేరుతోనే.

టోఫు అంటే సోయాపాలను విరగ్గొట్టి గడ్డకట్టించినది. జపాన్‌లో అది ప్రధానంగా రెండు రకాలు. ఒకదాని పేరు 'మొమెన్', అంటే నూలు. విరిగిన సోయాపాల ముద్దను నూలుగుడ్డ పరిచిన అచ్చులో వేసి, బరువు పెట్టి నీళ్ళు పిండుతారు. గుడ్డ నేత దాని ఒంటిమీద అచ్చుపడుతుంది. రెండోది 'కినుగోషి'. పట్టులో వడగట్టినది అని ఆ మాటకు అర్థం. కానీ దాన్ని పట్టుగుడ్డలో వడగట్టే పనే లేదు. చిక్కటి సోయాపాలను అచ్చులోనే పెరుగులాగా తోడుకోనిస్తారు. పిండటం లేదు, గుడ్డ ముద్ర పడటం లేదు. ఆ నున్నదనానికే పట్టు పేరు పెట్టారు.

చేసిన చేతి గుర్తు మిగిలితే నూలు, ఏ గుర్తూ మిగలకపోతే పట్టు. ఈ తేడా మా ఊళ్ళో ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. ధర్మవరం చీర అంటే లోకానికి పెద్ద జరీ అంచు, లేపాక్షి గుడి మీది బొమ్మలను తలపించే పనితనం. ఆ చీర వెనక హిందూపురం మార్కెట్టుకు వచ్చే పట్టుగూళ్ళున్నాయి. మరిగే నీళ్ళలోంచి గూటి కొస పట్టుకుని దారం తీసే ఆడవాళ్ళ బొబ్బలెక్కిన వేళ్ళున్నాయి. పడుగు పోగులు ఒక్కొక్కటే అతికే కళ్ళున్నాయి. మా అమ్మ నలభై ఏళ్ళు రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టింది. ఆ పనికి విడిగా కూలి లేదు. చీర కూలిలోనే కలిసిపోయేది, చీర కూలి మా నాన్న చేతికి వచ్చేది. చీర ఎంత నున్నగా వస్తే ఆమె పని అంతగా కనపడకుండా పోయేది.

డబ్బాలో టోఫు తయారయ్యే తీరులో కూడా ఈ కనపడకపోవడం ఉంది. సోయాపాలను అత్యధిక వేడితో శుద్ధిచేసి, చల్లార్చి, గ్లూకోనో డెల్టా లాక్టోన్ అనే పదార్థం కలిపి, క్రిములు లేని అట్టపెట్టెలో నింపి మూసేస్తారు. తర్వాత పెట్టెను వేడి చేస్తారు. లాక్టోన్ నెమ్మదిగా ఆమ్లంగా మారి, పాలన్నీ ఒకే తీరుగా లోపలే గడ్డకడతాయి. మనిషి చెయ్యి తగలకుండా తోడుకున్న పెరుగన్నమాట. గాలీ వెలుతురూ చొరవు కాబట్టి మూత తెరిచేదాకా చెడిపోదు.

ఆ పెట్టె చరిత్రలోకి వెళితే స్వీడన్‌లో రూబెన్ రౌసింగ్ పేరు వస్తుంది. టెట్రా పాక్ సంస్థ ఆయనది. కాగితాన్ని మడిచి నాలుగు ముఖాల పొట్లంగా చెయ్యవచ్చని 1944లో కనిపెట్టిన వాడు ఆయన దగ్గర పనిచేసిన ఎరిక్ వాలెన్‌బర్గ్. పేటెంటు మాత్రం యజమాని పేరుమీదే దాఖలైంది. ఇంకో సంగతి కూడా చెబుతారు. పాలు పోస్తూ, పాలలోంచే గొట్టాన్ని నొక్కి మూసేస్తే లోపల గాలి మిగలదు కదా అన్న ఆలోచన రౌసింగ్ భార్య ఎలిసబెత్‌దట. వంటింట్లో సాసేజిలు కూరి ముడివేసే అనుభవంలోంచి ఆమెకు తట్టిందట. ఆ సంస్థ కథ చెప్పేవాళ్ళంతా దీన్ని ముచ్చటగా చెబుతారు. ముచ్చటగా చెప్పడంలోనే ఉంది కిటుకు. ఉద్యోగి ఆలోచన యజమాని ఆస్తి అయితే, భార్య ఆలోచన కుటుంబ జ్ఞాపకం అయింది.

టోఫును అమెరికాకు పరిచయం చేసినవాళ్ళలో కూడా ఒక స్త్రీ ఉంది. యామెయ్ కిన్ చైనాలో పుట్టింది. మన ఆనందీబాయి జోషి ఫిలడెల్ఫియాలో డాక్టరు పట్టా తీసుకున్నది 1886లో. దానికి సరిగ్గా ఏడాది ముందు, 1885లో, యామెయ్ కిన్ న్యూయార్కులో ఆడవాళ్ళ వైద్య కళాశాల నుంచి పట్టా తీసుకుంది. మొదటి ప్రపంచయుద్ధంలో మాంసం కొరత వచ్చినప్పుడు, 1917లో, అమెరికా వ్యవసాయశాఖ ఆమెను సోయా వాడకాన్ని అధ్యయనం చేయమని చైనాకు పంపింది. టోఫు ఆరోగ్యానికి మంచిదని ఈనాడు ప్రచారం చేసే వాళ్ళలో ఆమె పేరు విన్నవాళ్ళు అరుదు. 

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. డబ్బా టోఫును ప్రపంచమంతా తిప్పింది జపాన్‌లోని మోరినాగా పాల కంపెనీ. కానీ సొంతదేశంలో దానికి అడ్డు వచ్చింది. జపాన్‌లో టోఫు ఇంటి పరిశ్రమ. 1960 ప్రాంతంలో అక్కడ యాభై వేల పైచిలుకు టోఫు దుకాణాలుండేవి. చిన్న వ్యాపారుల రంగాల్లోకి పెద్ద కంపెనీలు జొరబడకుండా సర్దుబాటు చేసే చట్టం 1977లో వచ్చింది. టోఫు దుకాణాలవాళ్ళ ఆందోళన ఆ చట్టం వెనక ఉన్న కారణాల్లో ఒకటి. దాంతో మోరినాగా తన డబ్బాలతో 1980ల్లో అమెరికా మార్కెట్టు వైపు తిరిగింది. అక్కడి శాకాహారులకూ, కొవ్వు లెక్కలు చూసుకునేవాళ్ళకూ, పనీరు దొరకని వలస భారతీయులకూ అది చేరింది. మన తెలుగు ఆడపిల్లలు కూడా అమెరికా వంటిళ్ళలో పాలకూరలో పనీరుకు బదులు దాన్ని వేసి, ముక్క నిలవక, చిదిమి వండుకోవడం నేర్చుకున్నారు.

ఆ చట్టం సంగతి చదువుతుంటే నాకు 1985 గుర్తొచ్చింది. ఆ ఏడు మన పార్లమెంటు చేనేత రిజర్వేషన్ల చట్టం చేసింది. ఫలానా రకాల బట్టలు చేతి మగ్గాల మీదే నేయాలి, మరమగ్గాల మీద నేయకూడదు అంది. మొదట 22 రకాలు. మరమగ్గాల యజమానులు కోర్టుకెక్కితే 1993లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. అయినా రిజర్వు చేసిన రకాలు తర్వాత 11కు తగ్గాయి. ఉన్నవాటికి కూడా అమలు అంతంతమాత్రమే. ధర్మవరం సందుల్లో తిరిగితే ఏ మగ్గం ఏ చప్పుడు చేస్తోందో చెవికే తెలుస్తుంది. అప్పులపాలై ఉరేసుకున్న నేతగాళ్ళ వార్తలు మా ఊరి పేరుతో ఎన్నోసార్లు పేపర్లలో వచ్చాయి. మిగిలిన భార్యల వార్తలు మాత్రం ఒక రోజుతో ఆగిపోయాయి.

రెండు చట్టాలూ అవసరమే. అవి లేకపోతే ఏమవుతుందో మా ఊరు చూస్తోంది. కానీ అవి కాపాడింది 'కుటుంబ పరిశ్రమ'ను. కుటుంబం లోపల ఎవరు తెల్లవారక ముందే లేచి సోయాగింజలు రుబ్బాలి, ఎవరు కండెలు చుట్టాలి, డబ్బు ఎవరి చేతికి రావాలి అని ఏ చట్టమూ అడగలేదు. 2019-20 చేనేత గణనలో దేశంలో 35 లక్షల 22 వేల మంది చేనేత, అనుబంధ పనివారు తేలారు. వాళ్ళలో 72 శాతం దాకా స్త్రీలే. అయినా 'నేతన్న' అనే మాటే మన నోట వస్తుంది. నేతక్క అన్న మాట ఏ పథకం పేరులోనూ నాకు కనిపించలేదు.

ఇల్లు కాకపోతే ఫ్యాక్టరీ భద్రమా? మోరినాగా చరిత్రలోనే దానికి జవాబుంది. 1955లో ఆ కంపెనీ తోకుషిమా ఫ్యాక్టరీ పాలపొడిలో ఆర్సెనిక్ కలిసింది. పన్నెండు వేలకు పైగా పసిపిల్లలు విషం బారిన పడ్డారు, వందమందికి పైగా చనిపోయారు. కొద్దికాలానికే వ్యవహారం సద్దుమణిగిందన్నారు. తల్లులు మాత్రం తమ చేత్తో కలిపి తాగించామని తమనే నిందించుకుంటూ బతికారు. పద్నాలుగేళ్ళ తర్వాత, 1969లో, ఆరోగ్య నర్సులూ బడి నర్సులూ ఇల్లిల్లూ తిరిగి ఆ పిల్లలు ఎలా ఉన్నారో నమోదు చేస్తే లోకం మళ్ళీ కళ్ళు తెరిచింది. 1974లో బాధితుల కోసం ఒక సంస్థ ఏర్పడింది. డబ్బాలోది తల్లి శ్రమను తగ్గించవచ్చు. తప్పు జరిగినప్పుడు నేరం మాత్రం ఆమె గుండెమీదే పడుతుంది.

ఇంత తెలిసీ నేను ఈ డబ్బా కొంటాను. బెంగుళూరు వెళ్ళినప్పుడు రెండు మూడు తెచ్చుకుంటాను. అమ్మకు పళ్ళు లేవు, పాలు పడవు. డబ్బా కత్తిరించి, నీళ్ళు వంచేసి, పళ్ళెంలోకి బోర్లిస్తే జున్నులాగా వణుకుతుంది. దాన్ని పిండకూడదు, పనీరులాగా నూనెలో వేయించనూ కూడదు. ఉల్లిపాయ, పచ్చిమిరప, పసుపు వేయించి, చివర్లో చిదిమి వేస్తే గుడ్డు పొరటులా వస్తుంది. మజ్జిగకు బదులు మిక్సీలో తిప్పి, అల్లం, కొబ్బరి నూరి కలిపి, నిమ్మరసం పిండితే మజ్జిగ పులుసుకు దగ్గరగా ఉంటుంది, విరిగిపోదు. దానికి సొంత రుచి లేదు. పోపు ఎలా పెడితే అలా ఉంటుంది. మిగిలింది నీళ్ళలో వేసి ఫ్రిజ్‌లో పెట్టి రెండుమూడు రోజుల్లో వాడెయ్యాలి. అమ్మ దాన్ని 'పట్టుజున్ను' అంటుంది. ఊరుబిండి పక్కన పెడితే సంగటిలో నంజుకుంటుంది.

ఒకసారి ఆమె ధర అడిగింది. చెబితే, కిలో కందిపప్పు వచ్చేది కదా అంది. లెక్క వేసి చూశాను. డబ్బా మొత్తంలో ఉండే మాంసకృత్తులు ఇరవై గ్రాముల చుట్టూ. ఎనభై గ్రాముల చెనిక్కాయ విత్తనాల్లో అంతే ఉంటాయి. చెనిక్కాయలు పండించే అనంతపురం సీమలో కూర్చుని నేను సముద్రాల అవతలి చిక్కుడుగింజల పాలగడ్డ కొంటున్నాను.

చెనిక్కాయ పాలు మనకు కొత్త కాదు. మైసూరులోని ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ చెనిక్కాయ చెక్కపిండితో, శనగపిండితో పోషకాహారం తయారుచేసింది. చెనిక్కాయ మాంసకృత్తులతో పాలను పెంచే 'మిల్టోన్' కూడా దానిదే. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ గోధుమలు, శనగలు, చెనిక్కాయలు, బెల్లంతో చేసిన 'హైదరాబాదు మిక్స్' ఎందరో పసిపిల్లల ప్రాణం నిలిపింది. 1960లో బూజుపట్టిన చెనిక్కాయ పిండిలో అఫ్లటాక్సిన్ విషం బయటపడ్డాక చెక్కపిండి మీద భయం పెరిగింది. ఆ దశాబ్దంలోనే అమెరికా సోయా వంగడాలు పంత్‌నగర్‌కూ, జబల్‌పూర్‌కూ వచ్చాయి. నూనె తీసిన సోయాపిండి 'మీల్ మేకర్' అయి మన కుర్మాల్లోకి చేరింది. మన పొలంలో గింజ నూనె మిల్లుకు పోయింది, మన పళ్ళెంలోకి ఇంకొకరి గింజ వచ్చింది. ఈ మార్పులో ఏ దశలోనూ వండేవాళ్ళను అడిగినవాళ్ళు లేరు.

సౌకర్యం వద్దని నేను అనను. తెల్లవారుజామున రుబ్బురోలు తిప్పిన స్త్రీకి డబ్బా ఒక విడుదలే. అడగవలసింది, తగ్గిన ఆ పని ఎక్కడికి పోయింది, ఎవరి మీద పడింది, దాని కూలి ఎవరికి ముట్టింది అని. ఈ ప్రశ్నలు మగ్గానికీ వర్తిస్తాయి, పొయ్యికీ వర్తిస్తాయి. విశ్వవిద్యాలయాల్లో స్త్రీల అధ్యయనాలు చేస్తున్న మిత్రులు ధర్మవరం వస్తే, మగ్గాల లెక్కతో పాటు రాట్నాల లెక్క కూడా తీయమని అడుగుతాను. కండెలు చుట్టిన చేతులు ఇంకా ఉన్నాయి. అడిగితే చెబుతారు, రోజుకు ఎన్ని కండెలో, ఎన్నేళ్ళో, ఎంత కూలి రావలసి ఉండేదో.