గోల చేసిన సభ

మా అమ్మాయికి జవాబు తెలుసు. అయినా క్లాసులో నోరు విప్పదు. ఎందుకే అంటే, "ఇంగ్లీషులో తప్పొస్తే నవ్వుతారమ్మా" అంది.

ఈ మాట నాకు కొత్త కాదు. మా తాత నిజాం రోజుల్లో నాగర్‌కర్నూలు బడిలో చదువుకున్నారు. ఇంట్లో తెలుగు, బళ్ళో ఉర్దూ. "లెక్క వచ్చేది బిడ్డా, చెప్పరాకపోయేది" అనేవారు.

అలాగని అది మాటలు రాని సీమేం కాదు. ఆ పక్కనున్న గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అని పేరు. సంస్థాన ప్రభువులు పండితులను పిలిపించి, శాస్త్రచర్చలు జరిపించి, సంభావనలిచ్చేవారు. కోటలో పండితుల వాదం, బళ్ళో పిల్లల మౌనం!

పిల్లలనేముంది, పెద్దలకూ తప్పలేదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో సంఘసంస్కార సభ జరిగింది. అధ్యక్షులు ఎవరనుకున్నారు? ఆడవాళ్ళకు విశ్వవిద్యాలయం పెట్టిన కార్వేగారు! ఇతర భాషల ఉపన్యాసాలు కుదురుగా విన్న జనం, అల్లంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మొదలెట్టగానే గోల చేశారు. ఆయన వకీలు, మాటకు వెతుక్కునే మనిషి కాదు. తన భాషే ఆ సభలో నవ్వులపాలైంది. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్ళు కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు.

అదే పెరిగి, 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్రమహాసభ అయింది. అధ్యక్షులు సురవరం ప్రతాపరెడ్డిగారు. గద్వాల వైపు ఇటిక్యాలపాడు వారిది. అక్కడే ఆడవాళ్ళూ వేరుగా సభ పెట్టుకున్నారు, నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన. గడప దాటడమే గొప్పనుకునే రోజుల్లో వేదికెక్కి మాట్లాడారంటే, ముందు రాత్రి నిద్రపోయారో లేదో!

తెలంగాణలో కవులే లేరన్న మాటకు ప్రతాపరెడ్డిగారు 1934లో ‘గోలకొండ కవుల సంచిక’తో జవాబిచ్చారు. అందులో 354 మంది కవులు. నాకైతే అది మంచి పంతులు నడిపిన క్లాసులా తోస్తుంది. వెనక బెంచీ వాళ్ళని కూడా లేపి, "ఏదీ, నువ్వు చెప్పు" అన్నట్టు. 1952లో వనపర్తి ప్రజలు ఆయన్ను శాసనసభకు పంపుకున్నారు.

ఆ వనపర్తిలోనే నా నేస్తం ఒకతె టీచరు. శనివారం చివరి పీరియడు చర్చకు వదిలేస్తుంది. షరతులు రెండే. ఏ భాషలో మొదలెట్టినా సరే, ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు నవ్వకూడదు. మొదటి నెల బల్లలే మాట్లాడాయట. ఇప్పుడు గంట కొట్టినా పిల్లలు లేవరు.

మా అమ్మాయి స్కూల్లోనూ ఇలా పెట్టమని అడగడానికి సోమవారం వెళ్తున్నాను. ప్రిన్సిపాల్‌గారితో ఇంగ్లీషులో మాట్లాడాలి. రెండు రోజులుగా అద్దం ముందు వాక్యాలు కూర్చుకుంటున్నాను.