భూమి కొలతకు ఖమ్మం అడవి చెల్లించిన వెల

హైదరాబాదు నుండి లండనుకు ఆకాశమార్గమున దూరం సుమారు 7,750 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోవు విమానమునకు ఎనిమిదిన్నర గంటలకు పైగా పట్టును. ఎదురుగాలి వీచినచో ఇంకను ఆలస్యమగును. ప్రయాణకాలం గాలిని బట్టి మారును గాని, రెండు నగరముల మధ్య దూరం మారదు. ఎవరును గొలుసు పట్టి కొలవని ఈ దూరం మనకెట్లు తెలిసినది?

రెండు నగరముల అక్షాంశ రేఖాంశములు తెలిసిన యెడల, భూకేంద్రం వద్ద వాని మధ్య గల కోణమును గణితం చెప్పును. హైదరాబాదు, లండనుల మధ్య అది సుమారు 69.7 డిగ్రీలు. ఒక డిగ్రీకి భూమిపై 111 కిలోమీటర్లకు కొంచెం పైగా దూరముండును. కోణమును దానిచే హెచ్చించిన దూరం వచ్చును. అయితే ఆ 111 అను సంఖ్యను మాత్రం నేలపై కొలిచియే తెలిసికొనవలెను.

ఆ పనిని దక్షిణభారతమున 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు వద్ద ప్రారంభించినాడు. సుమారు 12 కిలోమీటర్ల ఆధారరేఖను గొలుసుతో కొలిచి, దానిపై త్రిభుజములు అల్లుకొనుచు సాగినాడు. త్రిభుజములో ఒక భుజం, రెండు కోణములు తెలిసిన, మిగిలిన భుజములు లెక్కకు వచ్చును గదా!

లాంబ్టనుకు సహాయకుడుగా వచ్చిన జార్జి ఎవరెస్టుకు 1819లో హైదరాబాదుకు తూర్పున, కృష్ణా గోదావరుల నడుమ గల అరణ్యభాగం అప్పగింపబడినది. నేటి ఖమ్మం నుండి భద్రాచలం వైపు సాగు అడవులు ఆ ప్రాంతములోనివే. ఒక కొండపై నుండి మరియొక కొండ మీది జెండా కనబడినగాని కోణం దొరకదు. అందుకై శిఖరములపై చెట్లను నరికించవలసి వచ్చెడిది. వేసవిలో ధూళి చూపునకు అడ్డు. వాన కడిగిన గాలిలో దూరపు గుర్తులు స్పష్టముగా కనబడును. కాని అడవిలో జ్వరములు ప్రబలునది ఆ కాలముననే. దాదాపు 150 మంది గల బృందమంతయు మంచమెక్కినది. వారిని తెచ్చుటకు హైదరాబాదు నుండి ఏనుగులను, డోలీలను పంపినారు. కొందరు అడవిలోనే మరణించినారు.

జ్వరముతో కృశించిన ఎవరెస్టు ఆరోగ్యముకొరకు 1820లో దక్షిణాఫ్రికాలోని కేప్‌కు పోయినాడు. అచ్చట పూర్వం 1752లో లకాయ్ అను ఫ్రెంచి ఖగోళజ్ఞుడు కొలిచిన రేఖను పరిశీలించినాడు. ఆ కొలత ప్రకారం దక్షిణార్ధగోళం ఆకారం ఉత్తరార్ధగోళమునకు భిన్నముగా తోచెడిది. దగ్గరి పర్వతముల ఆకర్షణచే తూకపుదారం పక్కకు ఒరిగినందున ఆ దోషం కలిగియుండునని ఎవరెస్టు సూచించినాడు. తరువాత మాక్లియర్ జరిపిన కొలతలు దీనిని బలపరచినవి.

1823లో లాంబ్టన్ మరణించగా పని ఎవరెస్టుపై పడినది. ఆయన 1830లో భూమధ్యరేఖ వద్ద భూమి వ్యాసార్ధమును సుమారు 6,377.3 కిలోమీటర్లుగా నిర్ణయించినాడు. నేడు ఉపగ్రహముల సాయమున అంగీకరింపబడిన విలువ 6,378.1. ఈ తేడావలన హైదరాబాదు–లండను దూరములో వచ్చు భేదం ఇంచుమించు ఒక కిలోమీటరు! విమానమునకు అది నాలుగు సెకనుల ప్రయాణం.

ఆనాటి గ్రంథములలో ఎవరెస్టు పేరున్నది. గొలుసు మోసినవారు, జెండా పట్టినవారు, చెట్లు నరికినవారు అనేకులు ఊరు పేరు లేకయే పోయినారు. ఈ కొలతలో వారి పాలు తక్కువ కాదు.