చెరువు ఊపిరి లెక్క

రొయ్యల చెరువులో ప్రాణవాయువు (ఆక్సిజన్) పగలు పెరుగుతుంది, రాత్రి తరుగుతుంది. ఎండ ఉన్నంతసేపూ నీటిలో తేలే సూక్ష్మ నాచు, అంటే ప్లాంక్టన్, ఆక్సిజన్ తయారు చేస్తుంది. చీకటి పడ్డాక అదే ప్లాంక్టన్, రొయ్యలు, అడుగున కుళ్లే మేత కలిసి దాన్ని వాడేస్తాయి. అందుకే తెల్లవారుజామున నీటిలో కరిగిన ఆక్సిజన్ (డీవో) అట్టడుగుకు దిగుతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల కంటే తగ్గితే రొయ్య మేత మీద ఆసక్తి కోల్పోతుంది. ఇంకా పడితే గట్టు వారకు చేరి పైకి తేలుతుంది. గోదావరి జిల్లాల రైతులు టార్చిలైటుతో గట్లమ్మట తిరిగింది ఆ తేలడాన్ని పసిగట్టడానికే. అయితే అప్పటికే నష్టం మొదలై ఉంటుంది.

కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే నమ్మకమైన పద్ధతి 1888లోనే దొరికింది. హంగేరీ రసాయన శాస్త్రవేత్త లాయోష్ వింక్లర్ దాన్ని కనిపెట్టాడు. గాలిబుడగ లేకుండా సీసా నింపి, మాంగనీస్ లవణం, అయొడైడ్ కలిపిన క్షారం వేస్తారు. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది. ఆమ్లం పోస్తే ఆ మడ్డి కరిగి అయొడిన్ విడుదలవుతుంది. తర్వాత థయోసల్ఫేట్‌ను చుక్క చుక్కగా వదులుతారు. గంజి కలిపితే వచ్చిన నీలంరంగు పూర్తిగా పోయేసరికి ఎంత ఖర్చయిందన్నదే లెక్క. కొలత కచ్చితమే, కానీ అది సీసా ముంచిన ఆ ఒక్క క్షణానిది.

1950ల మధ్యలో అమెరికా శాస్త్రవేత్త లేలాండ్ క్లార్క్ ప్లాటినం ఎలక్ట్రోడ్‌కు పల్చని ప్లాస్టిక్ పొర కప్పాడు. ఆయన కొలవాలనుకున్నది రక్తంలోని ఆక్సిజన్. పొర దాటి వచ్చిన ఆక్సిజన్‌ను బట్టి కరెంటు మారుతుంది కాబట్టి రసాయనాలు అక్కర్లేదు, కొలత ఆగక్కర్లేదు. ఆ సాధనమే నదులకు, చెరువులకు చేరింది.

ఆంధ్ర తీరంలో దాని అవసరం క్రమంగా పెరిగింది. 1990ల మొదట్లో టైగర్ రొయ్య సాగు ఊపందుకుంది. 1994లో వైట్ స్పాట్ వైరస్ దాన్ని కుదేలు చేసింది. 1996లో తీరప్రాంత చెరువులపై సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2009లో వెనామీ అనే మరో రకం రొయ్యకు అనుమతి దక్కాక సాగు మళ్లీ లేచింది. కానీ వెనామీని ఒత్తుగా పెంచుతారు. అలాంటి చెరువులో కరెంటు పోయి, నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగితే, గంటల్లోనే పంట చేజారుతుంది.

విజయవాడలో 2012లో మొదలైన ఎరువాక టెక్నాలజీస్ సంస్థ సౌరశక్తితో నడిచే తేలే పరికరాలను చెరువుల్లోకి దించింది. డీవో, ఉష్ణోగ్రత, పీహెచ్ కొలతలు వైర్లు లేకుండానే రైతు ఫోనుకు చేరాయి. నీటిలో మునిగి కొలిచే ప్రోబుకు నాచు పడితే అంకెలు తప్పుతాయి కాబట్టి తుడవడం, సరిచూడటం ఇప్పటికీ మనిషి పనే. వైట్ స్పాట్‌ను ఈ ప్రోబులు పట్టలేవు.

ఒక చెరువు వదిలిన నీరు మురుగుకాలువలోకి పోతుంది, అదే కాలువ నుంచి మరో రైతు నీరు తోడుకుంటాడు. చెరువు లోపల ఇంత శ్రద్ధగా కొలుస్తున్న నీటిని ఆ కాలువల్లోనూ, కొల్లేరు సరస్సు ముఖద్వారాల్లోనూ ఇలాగే కొలవాలి. ఆ అంకెలు ప్రతి రైతుకూ అందాలి.