మామిడిపండు: కోతయు, రసమును



మామిడిపండును చెక్కు తీసి కోయుట యెట్లో నేటి ప్రసంగమున మనవి చేయదలచితిని. ఈ మాట వినగానే మీలో కొందరు నవ్వుకొనవచ్చును. వేసవి వచ్చినచో నింటింట పిల్లవాండ్రు సైతము చేయు పనికి రేడియోలో నుపన్యాస మెందులకని యడుగవచ్చును. అడుగుట న్యాయమే. కాని పండిన మామిడికి కత్తి తగులుట సామాన్యుల యిండ్లలో నంత ప్రాచీనమైన యాచారము కాదు. మన పూర్వులు కాయను కోసిరి, పండును జుఱ్ఱుకొనిరి. జుఱ్ఱుట నుండి కోతకు వచ్చుటలో నాలుగు వందల యేండ్లకు పైబడిన తోటపని చరిత్రము కలదు. అది తెలిసినగాని కత్తి యెక్కడ పెట్టవలయునో, ఏ పండునకు కత్తియే పెట్టరాదో బోధపడదు.

మొదట టెంకను గూర్చి చెప్పవలెను. మామిడి టెంకను పాతిన మొలచునది మామిడియే. ఐనను తల్లిచెట్టు గుణము దానికి వచ్చునను నమ్మకము లేదు. పూతకాలమున ఈగలు మొదలగు పురుగులు పుప్పొడిని ఒక చెట్టునుండి వేఱొక చెట్టునకు మోయును. తల్లి యెవరో తెలియును, తండ్రి యెవరో తెలియదు. తేనెవంటి పండు టెంకను ఆశతో నాటి, పదియేండ్లు నీరుపోసి పెంచి, తుదకు పులుపును పీచును పెద్ద టెంకయు గల పండ్లను చూచి నిట్టూర్చినవారు మీలో నుండకపోరు. పడమటి తీరమునందలి కొన్ని జాతులలో నొక్క టెంకనుండి పెక్కు మొలకలు వచ్చును. వానిలో తల్లిని పోలినవి యుండును. మన తెలుగునాటి పేరుగల జాతులలో సామాన్యముగా నా గుణము లేదు. వేలకొలది యేండ్లు మన తోపు లిట్లు టెంకలనుండి మొలచినవే. నూఱు చెట్లున్న నూఱు రుచులు. అందు హెచ్చుపాలు పీచుపండ్లు. అట్టి పండునకు కత్తి పెట్టినచో ముక్క టెంకను వదలదు. రసము మోచేతి వెంట కారిపోవును. దానిని మెత్తగా పిసికి, ముచ్చిక గిల్లి, నోట పెట్టుకొనుటయే యుక్తము. సంస్కృతమున మామిడికి రసాల మను పేరొకటి కలదు. ఆ పేరు పెట్టినవారు పండును పళ్లెములో ముక్కలుగా నెఱుగరని నా యూహ.

ఈ యూహకు కొంత బలమిచ్చు సాక్షి యొకడు కలడు. అతడు మామిడిని పెద్దవాడైన పిమ్మట క్రొత్తగా చూచినవాడు. 1526 లో పానిపట్టున గెలిచి ఢిల్లీ నాక్రమించిన బాబరు పాదుషా తన స్వీయచరిత్రమున హిందూస్థానపు ఫలములను వర్ణించుచు, మామిడి మంచిదైనచో నిజముగా మంచిదే కాని తిన్నవానిలో మేలైనవి కొన్నియే యనెను. కాయలను ముందుగా కోసి యింట మాగవేయుదురని కూడ గుర్తించెను. తినువిధములు రెండని స్పష్టముగా వ్రాసెను: పండును పిసికి రంధ్రము చేసి రసము పీల్చుట యొకటి, చెక్కు తీసి, తన దేశపు టెంకపండు నొకదానిని తినునట్లు తినుట రెండవది. అనగా చెక్కు తీసి తినదగిన గట్టిపండ్లు నాటికే కొన్ని యుండెను, ఉన్నవి యరుదు. అట్టి మేలైన చెట్టొకటి దైవికముగా మొలచినచో, అది కూలిన దినముననే దాని జాతియు నశించెడిది.

ఈ నష్టమును తప్పించినది అంటు. కొమ్మలచే చెట్లను వృద్ధిచేయు విద్య మన దేశమునకు బొత్తిగా క్రొత్తది కాదు. ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున పనస, నేరేడు, దానిమ్మ, ద్రాక్ష మొదలగువానిని గూర్చి యీ సంగతి చెప్పెను. ఆ పట్టికలో మామిడి పేరు నాకు కనబడలేదు. కారణ మూహింపవచ్చును. మామిడి కొమ్మను ఊరక భూమిలో పాతిన వేళ్లు తొడుగుట మిక్కిలి కష్టము. ఇంకొక మామిడి మొక్క వేళ్లపై దానిని నిలుపవలెను. ఈ పనిని మామిడియందు విరివిగా సాగించిన కీర్తి గోవాలోని పోర్చుగీసువారిదని చరిత్రకారులు వ్రాయుదురు. ఆల్బుకర్కు 1510 లో గోవాను పట్టుకొనెను. 1542 నుండి యచట చేరిన జెసూటు మతగురువులు తమ తోటలలో నంటుమామిళ్లను పెంచిరందురు. మహారాష్ట్రులు హాపూసని పిలుచు ఆల్ఫాన్సో పండునకు ఆల్బుకర్కు పేరే పెట్టబడినదని ప్రతీతి.

అంటు కట్టు విధము మీలో పలువు రెఱిగినదే. కుండలో పెంచిన టెంకమొక్కను తల్లిచెట్టు కొమ్మ ప్రక్కకు చేర్చి, రెండింటి బెరడును ఒక్క కొలతకు చెక్కి, చెక్కిన చోట్లను కలిపి బిగించి కట్టుదురు. రెండు మూడు నెలలకు అతుకు గట్టిపడును. అప్పుడు మొక్క తలను, కొమ్మ మొదలును కోయుదురు. మిగిలినది తల్లిచెట్టే మఱియొక చోట నిలిచినట్లుండును. పీచులేని చెట్టు ఒక్కటి యున్న చాలును, పదివేలు చేయవచ్చును. పండిన మామిడికి కత్తి రాజమార్గమున వచ్చిన దిక్కడనే యని నా యభిప్రాయము.

మొగలాయి ప్రభువుల మామిడిమక్కువను గూర్చి చెప్పుకొనుచు పోయిన ప్రొద్దు చాలదు. దర్భంగా యొద్ద అక్బరు లక్ష చెట్లు వేయించెనని వాడుక కలదు. ఔరంగజేబు తన కుమారుడు పంపిన పండ్లకు సుధారసమనియు, రసనావిలాసమనియు సంస్కృతపు పేర్లు పెట్టెను. ఆ పాదుషాను గూర్చి యితరములైన సంగతులే వినియుండు మనకిది వింత. మన ప్రస్తుతమునకు పనికివచ్చునది అబుల్ ఫజలు అయినీ అక్బరీలో చెప్పిన మాట. దోరకాయను రెండంగుళుల తొడిమతో కోసి, తొడిమ కొనను వెచ్చని మైనముతో మూసి, నేతిలోనో తేనెలోనో యుంచినచో రుచి రెండు మూడు నెలలు నిలుచునట. రంగు సంవత్సరము వఱకు చెడదట. తొడిమను విడువక కోయవలెనను నియమము నాటికే తెలిసియుండెను. దాని కారణము ముందు చెప్పెదను.

తెలుగునాట కోతపండ్లలో నగ్రస్థానము బంగినపల్లిది. నవాబుల యేలుబడిలో నుండి 1948 లో మదరాసు రాష్ట్రమున కలిసిన యా చిన్న సంస్థానము పేరు రాజ్యము పోయినను పండు మూలమున నిలిచియున్నది. 2017 లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించెను. బేనిషాను అనియు దీనిని పిలుతురు. నిశాని, అనగా మచ్చ, లేనిదని యర్థము. పలుచని పచ్చని చెక్కు, పీచులేని గట్టిగుజ్జు, పలుచని టెంక: కత్తికొఱకే పుట్టినట్లుండును. ఉత్తరపు జిల్లాల సువర్ణరేఖయు, హైదరాబాదువారు మెచ్చు హిమాయతును కోతకే చెల్లును. మనము కలెక్టరని పిలుచు తోతాపురి చిత్తూరు సీమలో గుజ్జు తీయు కర్మాగారములకు పోవును. వీనికెదురుగా నూజివీటి పెద్దరసము, చిన్నరసము, గోదావరి మండలపు కొత్తపల్లి కొబ్బరి నిలుచును. రసమను పేరే పెట్టుకొనిన పండును కత్తితో కోయుట నా దృష్టిలో నన్యాయము. అతిథులకు నాగరికముగా నుండునని దానిని పళ్లెములో ముక్కలు చేసి పెట్టు గృహములను చూచితిని. ఆ ముక్కలు పది నిమిషములలో కారి పులుసగును.

ఇక కోత. మొదట సొన సంగతి. మామిడి జీడిచెట్టు కుటుంబములోనిది. కావున దాని సొనకు జీడి గుణము కొంత కలదు. తొడిమ తెగిన మొదటి క్షణములలో సొన చిమ్మి వచ్చును. చెక్కుపై పడిన నల్లని మచ్చ, మనిషి చర్మముపై పడిన పుండు. అందువలననే చిక్కముతో కోయునపుడు తొడిమ యుంచి కోసి, పిదప తొడిమను విఱిచి, కాయను తలక్రిందుగా నుంచి సొన కార్చవలెను. ఇంటికి వచ్చిన పండును అరగంట చన్నీట నుంచి, ముచ్చికను వ్రేలితో రుద్ది కడుగవలెను. ఒంటికి పడనివారికి సొన తగిలిన పెదవులు దురదపెట్టును. వారు చెక్కును నోట పెట్టరాదు.

తరువాత కత్తి. ఇనుప కత్తిపీటపై కోసిన పండు అంచు నల్లబడుట మన పెద్దముత్తైదువలందఱు నెఱుగుదురు. మామిడిలోని పులుపును వగరును ఇనుముతో కలిసి యీ నలుపు పుట్టించును. 1913 లో షెఫీల్డు పట్టణమున బ్రెయర్లీ తుప్పుపట్టని ఉక్కును చేసిన పిదప, అట్టి కత్తులు క్రమముగా మన వంటయిండ్లకు వచ్చి యీ చిక్కు తీర్చెను.

పండును కోయుటలో మర్మమంతయు టెంకలో నున్నది. టెంక బల్లపరుపుగా నుండును. దాని పీచు అంచులనుండి వెడలును, వెడల్పు ముఖములపై తక్కువ. కావున పండును ముచ్చిక పైకి వచ్చునట్లు నిలిపి, పైనుండి చూచి, ఏ దిక్కున సన్నగా నున్నదో కనిపెట్టవలెను. నడిమిగీతకు అర వ్రేలెడు దూరమున, టెంక వెడల్పు ముఖమునకు సమముగా కత్తి దింపవలెను. కత్తి గట్టిగా తగిలిన బలము చేయక, కొంచెము వెలుపలికి జరుపవలెను. ఇట్లు రెండు వైపుల రెండు పెద్ద చెక్కలు వచ్చును. టెంక చుట్టునున్న సన్నని అంచును వేఱుగా తీయవచ్చును. టెంకను పిల్లలకీయవలెను, అది వారి హక్కు.

చెక్కు తీయుట కోతకు ముందా, వెనుకనా? గట్టిపండైన ముందే ముచ్చికనుండి క్రిందికి తీయవచ్చును. బాగుగా మాగిన పండును ముందు చెక్కు తీసినచో చేతిలో జాఱును, కత్తి వ్రేలిపైకి వచ్చును. అట్టిదానిని ముందు కోసి, చెక్కల లోపలిగుజ్జును చెక్కు తెగకుండ గళ్లుగా గీసి, వెలుపలినుండి వ్రేళ్లతో నెట్టినచో ముక్కలు పువ్వువలె విచ్చును. ఈ పద్ధతి మనకు క్రొత్తగా వచ్చినను మంచిదే.

రసమున కివి యేవియు నక్కఱలేదు. రెండు చేతుల నడుమ మెల్లగా దొర్లించి మెత్తబఱచి, ముచ్చిక గిల్లి, మొదటి చుక్కలను పాఱబోయవలెను. ఆ చుక్కలలో సొన యుండును. తక్కినది నోటికి తెలియును.

తెలుగువారి నిజమైన మామిడి కత్తి ఆవకాయ కత్తి. అది పండును కోయదు, పుల్లని కాయను టెంకతో సహా కొట్టును. లోని జీడిని, దాని పలుచని పొరను తీసివేసి, టెంక పెంకును ముక్కకు అంటియుండునట్లు విడుతుము. పెంకు లేని ముక్క యేడాది నిలువక మెత్తబడును. ఈ పచ్చడియు మనమనుకొనునంత సనాతనము కాదు. మిరపకాయ అమెరికాఖండపుది, దానిని పదునాఱవ శతాబ్దిలో మన దేశమునకు తెచ్చినవారు పోర్చుగీసువారే. ఆవపిండి, ఊరుగాయ పూర్వమే యుండవచ్చును గాని, ఎఱ్ఱని ఆవకాయ అంతకు వెనుకటిది కాజాలదు.

ఇంత చెప్పుట కొక కారణము కలదు. కోతపండు గట్టిది; బండ్లపై, ఓడలపై దూరము పోగలదు; వర్తకుడు దానినే యడుగును. రసము సుకుమారము, నాలుగు ఊళ్లు దాటునప్పటికి నలుగును. అందుచేత అంటుతోటలు పెరిగిన కొలది రసపుచెట్లును, పేరులేని టెంకమామిళ్లును కలపకు పోవుచున్నవి. నేనెఱిగిన యొక గ్రామమున తోపును కొట్టివేసిరి. అందలి యొక చెట్టు పండు ఏలకుల వాసన గలదని చుట్టుప్రక్కల ప్రసిద్ధి. దాని పిల్ల యొకటియు మిగులలేదు. టెంకలు మొలచిన వున్నవి. వానిలో నా వాసన లేదు. కత్తి గెలిచినదని రసము నశింపవలసిన పని లేదు.

మీ యూరిలో నట్టి చెట్టున్నచో ఈ తొలకరికే యిట్లు చేయుడు. తిని విడిచిన టెంకలను కడిగి, ఎండక మునుపే యిసుకమట్టిలో పాతుడు. మొలకలు రాగిరంగున నుండి పది పదునైదు దినముల వయసు గలవైనపుడు పనికివచ్చును. మీ చెట్టునుండి నాలుగు నెలలు ముదిరిన కొనకొమ్మలను ఎన్నుకొని, వారము పదిదినముల ముందే ఆకులు త్రుంచి, కాడలను మాత్రముంచుడు. మొగ్గ ఉబ్బినపుడు కొమ్మను జానెడు పొడవున కోసి, మొదలును రెండు ప్రక్కల గసికవలె చెక్కి, తల కోసిన మొలకను నిలువుగా చీల్చి యందు దిగవేసి, పలుచని పట్టీతో గాలి చొరకుండ చుట్టి నీడ నుంచుడు. పదింటిలో నాలుగు బ్రదికినను మీ చెట్టు నాలుగు చోట్ల నున్నట్లే.